గార్డు తీయకుండా వాడిన టేబుల్ సా: 14 నెలల తరువాత ఒక సమీక్ష

ఈ టేబుల్ సాను, అంటే బల్ల మధ్య నుంచి గుండ్రటి రంపపు బ్లేడు పైకి వచ్చి తిరిగే చెక్కకోత యంత్రాన్ని, మా కార్ఖానాలో దింపిన రోజున, వాడే పద్ధతి చూపించడానికి డీలరు తరఫున వచ్చిన వ్యక్తి అన్నిటికంటే ముందు చేసిన పని, బ్లేడు మీద ఉండే గార్డును విప్పి గోడ వారగా పెట్టడం. ఎందుకు తీశారని అడిగితే, "ఇది ఉంటే గీత కనపడదు సార్, కొన్నవాళ్లందరూ తీసేసే వాడుకుంటున్నారు" అన్నారు. ఆయన వెళ్లిన తరువాత మా పెద్దమేస్త్రీ నేనూ యంత్రంతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని దాన్ని మళ్లీ బిగించాం. ఆ సాయంత్రమే ఒక నోటు పుస్తకం తెచ్చి యంత్రం పక్కన మేకుకు తగిలించాం. గార్డు తీయవలసి వచ్చిన ప్రతిసారీ తేదీ, కోత, కారణం అందులో రాయాలని నియమం పెట్టుకున్నాం. 14 నెలల తరువాత అందులో 37 పద్దులు ఉన్నాయి. ఈ సమీక్షలో నేను చెప్పేదానికి చాలావరకు ఆ పుస్తకమే ఆధారం.

మాది రాజమహేంద్రవరం శివారులో ఏడుగురు పనిచేసే చెక్కపని కార్ఖానా. ద్వారబంధాలు, తలుపులు, కిటికీలు, మంచాలు మా పాత పని. ఐదారేళ్లుగా ప్లైవుడ్ అలమరాలు, వంటింటి అరలు కూడా చేస్తున్నాం. మేము కొన్నది 10 అంగుళాల బ్లేడు, 2,000 వాట్ల మోటారు, మడత స్టాండు ఉన్న, ఇద్దరు పట్టుకుని మోయగలిగిన రకం టేబుల్ సా. స్టాండు, అదనపు బ్లేడు కలిపి 60 వేల రూపాయల పైచిలుకు అయింది. కంపెనీ పేరును, డీలరు పేరును కావాలనే రాయడం లేదు. ఈ తరహా యంత్రం కొనబోయేవారు ఏ కంపెనీదైనా సరే దుకాణంలోనే ఏయే భాగాలను చేత్తో తడిమి చూసుకోవాలో, కొన్న తరువాత వేటిని ఊడదీయకూడదో చెప్పడం నా ఉద్దేశం.

కోత గురించి ఫిర్యాదు ఏమీ లేదు. 24 పళ్ల బ్లేడుతో రెండంగుళాల టేకు నిలువు కోతలో మోటారు మూలగకుండా సాగుతుంది. 60 పళ్ల బ్లేడు వేస్తే ప్లైవుడ్ అంచు చిట్లదు. మూడంగుళాల మందం దాటిన ద్వారబంధం కర్రలను మాత్రం మునుపటిలాగే సా మిల్లులోనే కోయించుకుంటున్నాం. మంచి బ్లేడు, సరిగా నిలిచే గైడు (చెక్కను ఆనించి నెట్టే పట్టీ) ఉంటే ఏ యంత్రమైనా బాగానే కోస్తుంది కనుక దీని గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

దీనికి ముందు 11 ఏళ్లు మేము వాడినది వెల్డింగు షాపులో చేయించుకున్న ఇనుప బల్ల. కింద మోటారు, దాని నుంచి బెల్టు, పైన 12 అంగుళాల బ్లేడు. గార్డు లేదు, బ్లేడు వెనక ఏమీ లేదు, గైడుగా ఒక ఇనుప యాంగిల్‌ను రెండు సి-క్లాంపులతో బిగించేవాళ్లం. ఆపాలంటే గోడ మీది స్విచ్చు దాకా నాలుగడుగులు నడవాలి. మన ప్రాంతంలో ఇలాంటి బల్లలు ఎన్నో చోట్ల నడుస్తున్నాయి, వాటి మీద పనిచేసేవారు గొప్ప పనిమంతులు కూడా. మా పెద్దమేస్త్రి 30 ఏళ్ల అనుభవం ఉన్న మనిషి. 2022 వేసవిలో ఒక సన్నటి బద్దను చీలుస్తుండగా చెక్క ఒక్కసారిగా ఎదురు తన్నింది. దాన్ని నెడుతున్న ఆయన ఎడమ చెయ్యి ఆ కుదుపుకు ముందుకు జారి, చూపుడువేలు మొదటి కణుపు వరకు పోయింది.

ఆ రోజు మేము చేసిన మరో తప్పును కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చదివేవారిలో ఒక్కరికైనా అది పనికిరావచ్చు. తెగిన వేలి కొనను కంగారులో నేరుగా ఐసు ముక్కల మధ్య పెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. అలా పెడితే కణజాలం గడ్డకట్టి చెడిపోతుందని, తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ సంచిని ఐసు వేసిన నీళ్లలో ఉంచి తీసుకురావాలని అక్కడి డాక్టరు తరువాత చెప్పారు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో మా గోడ మీద ఉన్నాయి, పక్కన 108 అంకె ఉంది. అప్పట్లో అమలులో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టంలోని షెడ్యూలు ప్రకారం చూపుడువేలులో ఒక కణుపు పోతే సంపాదన శక్తిలో నష్టం 9 శాతం, మొత్తం వేలు పోతే 14 శాతం, బొటనవేలు పోతే 30 శాతం. ఉలి మొనను దారిలో పెట్టేది ఎడమ చూపుడువేలే అయిన మనిషికి ఆ 9 శాతం లెక్క సరిపోదని నేను రోజూ చూస్తున్నాను.

కొత్త యంత్రం కొనాలని నిర్ణయించింది ఆ తరువాతే. అందుకే నేను దీన్ని పరిశీలించిన క్రమంలో మొదటిది మోటారు కాదు, బ్లేడు వెనక నిలబడి ఉండే ఉక్కు రేకు. పుస్తకంలో దాని పేరు రైవింగ్ నైఫ్. మా కార్ఖానాలో అందరం వెనక రేకు అంటాం. చూడడానికి అరచేయి వెడల్పు కూడా లేని వంపు తిరిగిన పలక, కానీ యంత్రం మొత్తంలో దీనికి సాటి వచ్చే భాగం లేదని నా అభిప్రాయం. ఇది ఎందుకో తెలియాలంటే చెక్క ఎందుకు తన్నుతుందో తెలియాలి. బ్లేడు ముందు వైపు పళ్లు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమి కోస్తాయి. వెనక వైపు పళ్లు కింది నుంచి పైకి లేస్తాయి. కోత పూర్తయిన చెక్క రెండు సగాలూ దగ్గరకు ముడుచుకుని ఆ వెనక పళ్లను బిగించి పట్టుకుంటే, లేదా చెక్క కాస్త పక్కకు తిరిగి వాటికి తగిలితే, ఆ పళ్లు దాన్ని ఎత్తి, బ్లేడు తిరిగే వేగంతో నిలబడిన మనిషి మీదికి విసురుతాయి. 10 అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. 40 పళ్ల బ్లేడయితే ఒక సెకనులో 2,600కు పైగా పళ్లు ఒకే చోటును దాటిపోతాయి. చెయ్యి వెనక్కి తీసుకోవాలని మనసుకు తోచేలోపే కొన్ని వందల పళ్లు దాటి ఉంటాయి కనుక, "నేను జాగ్రత్తగా ఉంటాను" అన్న మాటను నమ్ముకుని ఈ యంత్రం మీద పనిచేయడం కుదరదు.

వెనక రేకు కోత సందులో నిలబడి ఆ రెండు సగాలు ముడుచుకోకుండా, చెక్క వెనక పళ్ల మీదికి వాలకుండా అడ్డుకుంటుంది. మా దానిలో ఇది బ్లేడుతో పాటే పైకి కిందికి కదులుతుంది, బ్లేడును ఏటవాలుగా వంచితే దానితో పాటే వంగుతుంది. బ్లేడుకు దీనికి మధ్య ఎడం ఎప్పుడూ 5 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. కొనే ముందు ఈ కదలికను తప్పక తిప్పి చూడాలి. బల్లకు బిగించి ఉండి బ్లేడుతో కదలని రకమైతే బ్లేడును దించినప్పుడల్లా అడ్డం వస్తుంది, అడ్డం వచ్చిన రోజే పనివాళ్లు దాన్ని విప్పేస్తారు, విప్పినది తిరిగి బిగించరు.

గత మార్చిలో పచ్చి వేప పలకను నిలువుగా కోస్తుండగా దీని విలువ కళ్లతో చూశాం. వేప పైకి ఆరినట్టే కనిపించింది గాని లోపల బిగువు ఉంది. కోత మూడడుగులు సాగేసరికి వెనక రెండు సగాలూ వేళ్లతో పట్టినట్టు ఆ రేకు మీద బిగుసుకున్నాయి, మోటారు శబ్దం మందగించింది, నెడుతున్న మేస్త్రి మోకాలితో, యంత్రాన్ని ఆపే ఎర్ర పలకను నొక్కి ఆపేశారు. చెక్క అంగుళం కూడా వెనక్కి రాలేదు. పాత బల్ల మీద ఇలాంటిదే ఒక పలక ఎగిరి పది అడుగుల దూరంలోని షట్టరుకు పడ్డ సొట్ట ఇప్పటికీ ఉంది.

దీన్ని ఈ రోజుల్లో వచ్చిన కొత్త సదుపాయంలా అమ్ముతున్నారు. నిజానికి 1948 ఫ్యాక్టరీల చట్టం కింద రాష్ట్రాలు చేసుకున్న నియమాలలో, కొయ్యపని యంత్రాల షెడ్యూలులోనే, గుండ్రటి రంపం వెనక అదే వరుసలో గట్టి రేకు ఉండాలని, రంపం పైభాగాన్ని సర్దుకోగల గార్డుతో కప్పాలని, బల్ల కింది భాగాన్ని కూడా మూయాలని, చెక్కను నెట్టడానికి తోపుడు కర్రను అందుబాటులో ఉంచాలని, తగిన శిక్షణ లేనివారిని పర్యవేక్షణ లేకుండా దాని దగ్గర పెట్టకూడదని ఉంది. ఆ చట్టం రాసినప్పుడు విద్యుత్తుతో నడిచే చోట 10 మంది పనివాళ్లు ఉంటేనే ఫ్యాక్టరీగా లెక్క. ఐదుగురు, ఏడుగురు ఉండే మాలాంటి కార్ఖానాలు ఆ లెక్కలోకి రాలేదు, తనిఖీకి వచ్చేవారూ లేరు. బ్లేడుకు మాత్రం పనివాళ్ల సంఖ్యతో సంబంధం లేదు కనుక ఆ షెడ్యూలులోని అంశాలను మా అంతట మేమే పాటిస్తున్నాం.

వెనక రేకు విషయంలో మాకు ఎదురైన ఒక చిక్కును వివరంగా చెబుతాను. ఆరు నెలల తరువాత అసలు బ్లేడు మొద్దుబారితే, దుకాణంలో తక్కువ ధరకు దొరికిన సన్నటి బ్లేడు తెచ్చాం. రెండో కోతకే చెక్క రేకు దగ్గర ఆగిపోయి ముందుకు పోనని మొరాయించింది. కుర్రాళ్లలో ఒకరు రేకును తీసేద్దామని రెంచి కూడా పట్టుకున్నారు. వెర్నియర్‌తో కొలిచి చూస్తే కారణం తెలిసింది: మా రేకు మందం 2.3 మిల్లీమీటర్లు, కొత్త బ్లేడు కోసే సందు 2.2 మాత్రమే. వెనక రేకు మందం బ్లేడు శరీరం మందం కంటే ఎక్కువగాను, పళ్లు కోసే సందు కంటే తక్కువగాను ఉండాలి. బ్లేడు శరీరం 1.8, కోత సందు 2.6 ఉన్నది తెచ్చుకున్నాక చిక్కు తీరింది. బ్లేడు కొనడానికి వెళ్లేటప్పుడు ఈ మూడు కొలతలతో పాటు, బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ చుట్ల సంఖ్య యంత్రం వేగం కంటే ఎక్కువ ఉందో లేదో, నడుమ రంధ్రం ఇరుసుకు సరిగ్గా సరిపోతుందో లేదో చూసుకోవాలి. వదులుగా ఉన్న రంధ్రంలో దారం చుట్టి బిగించే అలవాటు కొన్ని చోట్ల చూశాను; దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు.

ఇక గార్డు. పారదర్శకమైన రెండు రెక్కలు, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, వేటికవి లేస్తాయి. చెక్క వచ్చినప్పుడు పైకి లేచి, దాటిపోగానే వాలిపోతాయి. "గార్డు ఉంటే గీత కనపడదు బాబూ" అన్న మాట మా పెద్దమేస్త్రి కూడా మొదటి వారంలో అన్నారు, ఆ మాటలో నిజం ఉంది. కానీ గీతను చూస్తూ కోయడం చేతి కట్టరుకు పట్టిన అలవాటు. ఈ యంత్రం మీద కొలతను గైడు స్కేలు దగ్గర పెట్టుకున్న తరువాత కళ్లు చూడవలసింది చెక్క గైడుకు ఆనుకుని వెళ్తోందా లేదా అన్నది. ఇది తెలియడానికి ఆయనకు పది రోజులు పట్టింది, చిన్నవారికి రెండు రోజులే పట్టింది. గైడు స్కేలు నమ్మదగినది కాకపోతే మాత్రం ఎవరూ గీతను వదలరు, అప్పుడు గార్డు కూడా నిలవదు. మా యంత్రం గైడు ముందు వెనకలు రెండూ ఒకేసారి పళ్ల చక్రాల మీద కదిలి సమాంతరంగా నిలుస్తాయి. వారానికి ఒకసారి ప్లగ్గు పీకి, బ్లేడు ముందు పంటి దగ్గర, వెనక పంటి దగ్గర గైడు దాకా దూరం కొలుస్తాం. వెనక దూరం ముందుదాని కంటే తగ్గితే చెక్క బ్లేడుకు నొక్కుకుని తన్నే ప్రమాదం ఉంటుంది.

37 పద్దుల లెక్క ఇది: 22 తలుపు పలకలకు గాడి తీసిన సందర్భాలు, 11 అంగుళం లోపు బీడింగు బద్దల కోతలు, మిగిలిన 4 చిన్నాచితకవి. గాడి కోతలో బ్లేడు చెక్క పైకి రాదు కనుక గార్డు తీయక తప్పదు. ఆ సమయంలో వెనక రేకును బ్లేడు శిఖరం కంటే తక్కువ ఎత్తుకు దించి ఉంచే ఏర్పాటు ఇందులో ఉంది కాబట్టి గార్డు లేకపోయినా రేకు ఉంటుంది. బీడింగు కోతలు మాత్రం మా తెలివితక్కువ వల్ల జరిగినవి. గార్డు రెక్క తోపుడు కర్రకు దారి ఇవ్వడం లేదని తీసేసేవాళ్లం. తరువాత కోతను తిరగేశాం: పెద్ద పలకను గైడు వైపు ఉంచి, సన్నటి బద్ద బ్లేడు ఎడమ వైపు తెగి పడేలా, ప్రతి కోతకూ గైడును జరుపుకుంటూ కోస్తున్నాం. కాలం కాస్త ఎక్కువ పడుతుంది, చెయ్యి మాత్రం బ్లేడుకు జానెడు దూరంలోనే ఉంటుంది. గత ఐదు నెలల్లో ఆ కారణంతో ఒక్క పద్దూ లేదు.

గార్డులో అసలు లోపం వేరే ఉంది. రంపపు పొట్టు, టేకు నూనె అంటుకుని రెక్కలు మూడు వారాలకే మసకబారాయి. మా కుర్రాళ్లు థిన్నరుతో తుడిచారు, దానితో పలకలకు సాలెగూడులా పగుళ్లు వచ్చాయి. ఈ రకం ప్లాస్టిక్కును సబ్బు నీళ్లతోనే తుడవాలని పుస్తకంలో ఉంది, మేము చదవకపోవడం మా తప్పే. అయితే కొత్త రెక్కలు తెప్పించడానికి ఐదు వారాలు పట్టడం మా తప్పు కాదు. బ్లేడు, కార్బన్ బ్రష్షులు అదే రోజు ఇవ్వగలిగిన దుకాణం, మనిషి చేతిని కాపాడే భాగాన్ని నిల్వ పెట్టుకోకపోవడం నాకు బాధ కలిగించింది. ఆ ఐదు వారాలు పగుళ్ల గార్డుతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఒక జత అదనంగా కొని బీరువాలో ఉంచాం. కొనేవారు యంత్రంతో పాటే ఒక జత తీసుకోవడం మంచిది.

స్విచ్చు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ల పరిస్థితికి అది అన్నిటికంటే ఎక్కువ సంబంధించినది. కోత మధ్యలో కరెంటు పోవడం మాకు మామూలే. పాత బల్ల దగ్గర కరెంటు పోగానే గోడ స్విచ్చు ఆపడం ఎవరో ఒకరు మరచిపోయేవారు. పది నిమిషాల తరువాత, బల్ల మీద ఇరుక్కున్న చెక్కను ఎవరైనా లాగుతుండగా కరెంటు వచ్చి బ్లేడు తిరిగేది. కొత్త యంత్రం స్విచ్చు కరెంటు పోతే తనంతట తాను విడిపోతుంది, తిరిగి ఆకుపచ్చ బొత్తాం నొక్కితే గాని నడవదు. దుకాణంలోనే దీన్ని పరీక్షించవచ్చు: చెక్క లేకుండా యంత్రాన్ని నడిపించి, గోడ దగ్గర సరఫరా ఆపి, బ్లేడు పూర్తిగా ఆగాక మళ్లీ ఇవ్వాలి. బ్లేడు తిరిగితే ఆ యంత్రాన్ని అక్కడే వదిలి రావాలి. ఆపే పలక అరచేయంత పెద్దదిగా, మోకాలికి అందేలా ఉండడం కూడా ముఖ్యమే, ఎందుకంటే ఆపవలసిన క్షణంలో రెండు చేతులూ చెక్క మీద ఉంటాయి, వాటిని తీస్తే చెక్క తన్నుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, సరైన ఎర్తింగు ఉండాలి. సన్నటి ఎక్స్‌టెన్షను తీగతో నడిపితే మోటారు బలం తగ్గి కోత మధ్యలో బ్లేడు బిగుసుకుంటుంది.

బ్రేకు లేకపోవడం ఈ యంత్రానికి నేను పెట్టే పెద్ద వంక. స్విచ్చు ఆపిన తరువాత బ్లేడు నిలవడానికి తొమ్మిది పది సెకన్లు పడుతోంది. శబ్దం తగ్గేసరికి ఆగిపోయిందనుకుని తెగిన ముక్కను తీయడానికి చెయ్యి ముందుకు పోతుంది. బ్లేడు మీది అక్షరాలు చదవగలిగినప్పుడే చెయ్యి పెట్టాలని మాకు మేము ఒక గుర్తు పెట్టుకున్నాం. తెగిన సన్నటి ముక్కలు బ్లేడు పక్క సందులోకి జారి ఎగరకుండా, బల్లలో బ్లేడు చుట్టూ ఉండే మధ్య పలకను 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో సందు లేకుండా మేమే చేసుకున్నాం.

అమెరికాలో చర్మం తగిలిన వెంటనే బ్లేడును ఆపే యంత్రాలు 2004 నుంచి అమ్మకంలో ఉన్నాయి. భౌతికశాస్త్రం చదివి పేటెంటు న్యాయవాదిగా పనిచేసిన స్టీవ్ గ్యాస్ రూపొందించిన ఆ సాస్టాప్ ఏర్పాటులో, బ్లేడులో ఒక చిన్న విద్యుత్ సంకేతం నడుస్తూ ఉంటుంది. మనిషి ఒళ్లు తగిలితే అది మారుతుంది, వెంటనే స్ప్రింగు ఒక అల్యూమినియం దిమ్మను పళ్లలోకి నెడుతుంది, 5 మిల్లీసెకన్ల లోపే బ్లేడు ఆగి బల్ల కిందికి దిగిపోతుంది. ఆ దిమ్మ, బ్లేడు రెండూ మార్చుకోవాలి, కానీ వేలికి చిన్న గీతతో సరిపోతుంది. ఆ దేశంలో టేబుల్ సా బ్లేడు తగిలి ఏటా సుమారు 30 వేల మంది ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వెళ్తున్నారని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంస్థ అంచనా. మేము వెళ్లిన దుకాణాలలో అలాంటి యంత్రం లేదు. ఉన్నా, బాగా తడి ఉన్న చెక్క కూడా ఆ సంకేతాన్ని మార్చగలదు కనుక మా పచ్చి వేప పనికి దాన్ని ఆపి వాడవలసి వచ్చేది. పైగా చెక్క తన్నడాన్ని అది ఆపదు. వెనక రేకు అక్కడా ఉండాల్సిందే.

యంత్రంతో ఒకటే తోపుడు కర్ర ఇచ్చారు, అదీ పలచటి ప్లాస్టిక్కుది. దాన్ని పక్కన పెట్టి, పక్షి ముక్కులా గాటు ఉన్న నాలుగు కర్రలు, చెక్క మీద బోర్లా ఆని వెనక మడమతో నెట్టే రెండు దిమ్మలు ప్లైవుడ్ ముక్కలతో చేసుకున్నాం. గైడుకు బ్లేడుకు మధ్య ఎడం ఆరంగుళాల లోపు ఉంటే చేత్తో నెట్టకూడదన్నది మా కట్టుబాటు. కర్ర అందుబాటులో లేకపోతే ఎవరైనా చేత్తోనే కానిచ్చేస్తారు కాబట్టి వాటికి గైడు పక్కనే అయస్కాంతాలు పెట్టాం.

యంత్రం బరువు స్టాండు లేకుండా 26 కిలోల ప్రాంతం. 18 మిల్లీమీటర్ల నిండు ప్లైవుడ్ షీటు 30 కిలోల పైమాటే. అలాంటి షీటును దీని మీద పెట్టి తిప్పబోతే బల్లే వంగుతుంది. అమ్మేవారు చేయవచ్చని చెబుతారు, నేను వద్దంటాను. షీటును మొదట కింద దిమ్మల మీద పరిచి, చేతి కట్టరుతో కొలత కంటే కాస్త పెద్ద ముక్కలుగా చేసి, ఆ ముక్కలనే దీని మీద తుది కొలతకు కోస్తున్నాం. పొడుగు చెక్కలకు వెనక ఒక కుర్రాణ్ణి నిలబెట్టి లాగించడం మన దగ్గర పాత ఆచారం. లాగేవాడు కాస్త పక్కకు లాగినా చెక్క బ్లేడు మీద తిరుగుతుంది, అతని చేతులు కూడా బ్లేడు వైపే వస్తూ ఉంటాయి. బల్లతో సమానమైన ఎత్తులో ఒక రోలరు స్టాండు పెట్టి ఆ పనిని మాన్పించాం. అడ్డ కోతలకు చెక్కను ఆనించి నెట్టే మైటర్ గేజిని వాడేటప్పుడు గైడును వెనక్కి తీసేస్తాం. రెండింటినీ ఒకేసారి ఆనిస్తే తెగిన ముక్క మధ్యలో చిక్కి తన్నుతుంది. పాత ఇళ్ల తలుపుల చెక్క వస్తే మేకుల కోసం అయస్కాంతంతో వెతికిన తరువాతే బల్ల ఎక్కిస్తాం.

దుస్తుల విషయంలో మాకు కొంత చర్చ జరిగింది. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా, ఉంగరాలు వద్దన్నదానికి అందరూ ఒప్పుకున్నారు. చేతి తొడుగులు వేసుకోకూడదన్నది కొందరికి వింతగా తోచింది, కానీ పంటికి తొడుగు దారం చిక్కితే వేలితో పాటు చెయ్యినే లాగుతుంది. ముంజేతికి కట్టుకున్న గుడి దారాలను తీయమని ఎవరినీ అడగలేదు. వేలాడే కొసలను కత్తిరించి టేపు వేసుకోమన్నాం. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు మాల, కండువా ఉన్నన్నాళ్లూ పాలిష్, బిగింపు పనులు చేస్తారు, బల్ల దగ్గరకు రారు. ఇది వారే ప్రతిపాదించిన పద్ధతి, చక్కగా కుదిరింది.

పొట్టు గొట్టానికి వాక్యూము తగిలించుకోవచ్చు గాని గార్డు పైనుంచి వచ్చే సన్నటి ధూళి మొత్తం దానిలోకి పోదు. చెక్క ధూళిని క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ 1995లోనే మనుషులలో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. అందుకని మాస్కు, కళ్లద్దాలు, చెవి కప్పులు బల్ల దగ్గర నిలబడే ప్రతివారికీ ఇచ్చాం. చెవి కప్పులను వేసవి ఉక్కలో కూడా వాడించడం మాకు ఇంకా పూర్తిగా సాధ్యపడలేదు.

రెండు మూడంగుళాల లోపు చెక్క, కోసిన ప్లైవుడ్ ముక్కలతో పనిచేసే చిన్న కార్ఖానాలకు ఈ తరహా యంత్రం సరిపోతుంది. రోజంతా ఆగకుండా దుంగలు చీల్చేవారికి, నిండు షీట్లతోనే పని ఉన్నవారికి ఇది తగదు. వారు కదలని బరువైన బల్లకో, ప్యానెల్ సాకో డబ్బు కూడబెట్టుకోవడం మేలు. మేము వచ్చే నెలలో రెండో యంత్రం చూడబోతున్నాం, ఈసారి బ్లేడు బ్రేకు ఉన్నదే కావాలని నిశ్చయించుకున్నాం. కొత్త డీలరుకు మూడు షరతులు ముందుగానే చెప్పాం: గార్డు రెక్కలు, మధ్య పలక నిల్వలో ఉండాలి, కరెంటు తీసి ఇచ్చే పరీక్ష మా ఎదుట చేయాలి, చూపించే కోతలన్నీ గార్డు బిగించే చూపించాలి. డెమోకు పెద్దమేస్త్రి వస్తున్నారు, వెర్నియర్‌ను తనే పట్టుకొస్తానన్నారు.